తెలుగు సారు రుమాలు

కోస్గిలో ఇంటర్ చదివేటప్పుడు మా తెలుగు సారు చేతిలో ఎప్పుడూ మడత నలగని తెల్ల రుమాలు ఉండేది. పాఠ్యనవలలో ఒక కుర్రవాడు, తాను చేసిన దొంగతనానికి జీతగాడు దెబ్బలు తింటుంటే చూడలేక ఊరందరి ముందు తప్పు ఒప్పుకుంటాడు. అది చదివినప్పుడల్లా సారు కళ్లొత్తుకునేవాడు.

"గప్పుడు మనిషయిండు వాడు," అనేవాడు.

పరీక్షలో ఆ కుర్రవాడి మీదే ప్రశ్న వచ్చింది. జవాబు సారే చీటీల మీద రాసి, మంచినీళ్లిచ్చే నెపంతో మాకు పంచాడు. అంతలో స్క్వాడ్ దిగింది. నా ముందు బెంచీలోని మగ్గం నేసేవాళ్ల అమ్మాయి చీటీతో దొరికిపోయింది.

"ఎవరిచ్చిన్రమ్మా?" అని స్క్వాడాయన అడిగాడు.

ఆమె సారు వైపు చూసింది. సారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "గీ పిల్లలకు ఎంత చెప్పినా సిగ్గు రాదు సార్," అన్నాడు.

ఆ రుమాలు గుర్తొస్తే నాకిప్పటికీ అసహ్యం వేస్తుంది. నా చీటీ కూడా చూపించి ఉంటే, రెండూ సారు చేతిరాతేనని తేలిపోయేది. నేను దాన్ని నమిలి మింగేశాను. ఆమెను బయటికి పంపేశారు.

ఫలితాలొచ్చాక, తెలుగులో కాలేజీకి మొదటి మార్కు నాదేనని చెబుతూ సారు మళ్లీ కళ్లొత్తుకున్నాడు. నేను వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాను.