ఈల మాస్టారి లెక్కల క్లాసు

ఆ బడిలో ఆయన్ని అందరూ ఈల మాస్టారు అనేవారు. పిల్లల చేత పరుగులు తీయించడం, వరసల్లో నిలబెట్టడం, మోకాళ్లు చెక్కుకుపోతే మందు రాయడం ఆయన ఉద్యోగం. మెడలో ఈల వేలాడకుండా ఆయన్ని ఎవరూ చూసి ఎరగరు.

ఒక ఏడాది బడి తెరిచీ తెరవకముందే లెక్కల సారు ఇంతకంటే మంచి ఉద్యోగం దొరికిందని వెళ్లిపోయాడు. పదకొండో తరగతిలో అప్లైడ్ మ్యాథ్స్ తీసుకున్న పిల్లలు గుప్పెడు మంది ఉన్నారు. వాళ్లకు చెప్పే దిక్కు లేకుండా పోయింది. సైన్సు చెప్పే ఆవిడ మొక్కలూ జంతువులూ దాటి ఎన్నడూ వెళ్లలేదు. హెడ్ మేడమ్ ఈల మాస్టారిని తన గదిలోకి పిలిచింది.

"కొత్తవాళ్లు వచ్చేదాకా ఆ క్లాసు మీరే చూసుకోవాలి."

"నేనా మేడమ్? నాకు ఆటల్లో స్కోరు రాయడమే సరిగ్గా రాదండీ."

"డిగ్రీలో లెక్కలు చదివినట్టు మీ కాగితాల్లో ఉందిగా?"

"చదివానండీ. ఎలాగో గట్టెక్కాను."

"అది చాలు. గోల చెయ్యకుండా కూర్చోబెట్టండి."

గోల చెయ్యకుండా కూర్చోబెట్టి ఉంటే ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు. కానీ మొదటి రోజే పిల్లలు పుస్తకాలు తెరుచుకుని ఆయన మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. ఆ చూపులకు తట్టుకోలేక ఆయన "రేపటి నుంచి మొదలుపెడదాం" అని బయటపడ్డాడు.

ఆయన భార్య చెల్లెలు అప్పట్లో వాళ్లింట్లోనే ఉండేది. బీమా ఆఫీసులో పనిచేసేది. కాలేజీలో లెక్కలు ఇష్టంగా చదువుకున్న పిల్ల. సాయంత్రం టీ కప్పులు పక్కకు జరిపి, భోజనాల బల్ల మీద ఆయనకు మర్నాటి పాఠం చెప్పేది.

"బావా, నీ బుర్ర ఫుట్‌బాల్ లాంటిది. గాలి కొడితే ఎగురుతుంది గానీ లోపలికి ఏదీ దూరదు."

"ఈ ముక్క మీ అక్క నన్ను చేసుకునే ముందే చెప్పాల్సింది."

"చెప్పింది. నేనే చెవిన పెట్టలేదు," అనేది ఆయన భార్య పొయ్యి దగ్గర నుంచి.

అలా నవ్వుకుంటూనే ఆ ఏడాది గడిచింది. విసిరిన వస్తువు ఎంత దూరంలో పడుతుందో తేల్చే పాఠం వచ్చినప్పుడు ఆయన క్లాసును మైదానంలోకి తీసుకెళ్లాడు. పిల్లలు బంతులు విసిరారు, టేపు పెట్టి కొలిచారు, వచ్చిన కొలతను లెక్కతో పోల్చి చూసుకున్నారు. దాదాపు సరిపోయింది. ఆ రోజు ఆయన ఇంటికి వెళ్లి భార్యతో, "నాకు చెప్పడం వచ్చేసిందోయ్," అన్నాడు.

క్లాసులో అందరికంటే చురుకైనది కండక్టరమ్మ కూతురు. వాళ్లమ్మ సిటీ బస్సులో కండక్టరు. రోడ్లు వేసేచోట మూడు కాళ్ల పరికరం నిలబెట్టి ఒంటికన్నుతో చూసేవాళ్లను బస్సు కిటికీలోంచి చూసి, ఆ పిల్ల చిన్నప్పుడే ఆ పని మీద మనసు పడింది. సర్వే కోర్సులో సీటు రావాలంటే అప్లైడ్ మ్యాథ్స్‌లో మంచి మార్కులు కావాలి. అందుకే ఈ సబ్జెక్టు తీసుకుంది.

రెండో ఏడాది మొదట్లోనే మరదలికి దూరపు ఊరికి బదిలీ అయింది. "అర్థం కానిది ఉంటే ఫోన్ చెయ్యి బావా," అని వెళ్లింది. కొన్నాళ్లు చేశాడు. ఆమె ఎప్పుడు ఎత్తినా పనిలో మునిగి ఉండేది. ఆమెను ఊరికే ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయనే పుస్తకంతో కుస్తీ పట్టడం మొదలుపెట్టాడు. కొత్త సారు వస్తాడన్న మాట అప్పటికే అందరూ మర్చిపోయారు.

వాలు బల్ల మీద పెట్టిన దిమ్మ పాఠం ఆయన ఒంటరిగా నేర్చుకున్నదే. పుస్తకంలో చేసి చూపించిన లెక్కలన్నిట్లోనూ దిమ్మ కిందికి జారుతుంది. కాబట్టి ఘర్షణ బాణం గుర్తు పైకి ఉంది. ఆయన అదే బోర్డు మీద వేశాడు.

కండక్టరమ్మ కూతురు లేచి నిలబడింది. "సార్, దిమ్మని పైకి లాగుతుంటేనో? అప్పుడు ఘర్షణ కిందికి ఉండదా?"

ఆయన పుస్తకం పేజీలు అటూ ఇటూ తిప్పాడు. అలాంటి బొమ్మ ఎక్కడా కనపడలేదు. పిల్లలందరూ తననే చూస్తున్నారు. "ఘర్షణ ఎప్పుడూ పైకేనమ్మా. అది దిమ్మని జారిపోకుండా పట్టుకుంటుంది," అన్నాడు గట్టిగా.

ఆ పిల్ల కాసేపు ఆలోచించి కూర్చుంది. రాసుకుంది.

పన్నెండో తరగతి బోర్డు పరీక్ష రాసిన రోజు ఆమె తిన్నగా మైదానంలోకి వచ్చింది. "వాలు బల్ల మీద పెద్ద లెక్క ఇచ్చారు సార్. దిమ్మని తాడుతో పైకి లాగాలి. దాని జవాబుతోనే తర్వాతి లెక్కలు కూడా చెయ్యాలి. మీరు చెప్పినట్టే చేశాను."

ఆయన పొంగిపోయాడు. ప్రశ్నపత్రం అడిగి తీసుకున్నాడు. ఇంటికి వెళ్లగానే మరదలికి ఫోన్ చేసి లెక్క చదివి వినిపించాడు. తను చెప్పిన పద్ధతి కూడా చెప్పాడు. అవతల ఆమె కాగితం తీసుకుని లెక్క చేసి చూసింది.

"ఏమ్మా, సరిపోయిందా?"

"లేదు బావా. ఘర్షణ ఎప్పుడూ కదలికకి అడ్డం పడుతుంది కదా. పైకి లాగుతుంటే అది కిందికే గుంజుతుంది. కూడాల్సిన చోట నువ్వు తీసేయించావు."

ఫోన్ పెట్టేశాక ఆయన కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు. భార్య అన్నానికి పిలిచింది. ఆకలి లేదన్నాడు.

మర్నాడు హెడ్ మేడమ్ దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాడు. "మీరేం కావాలని చేశారా? మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు లెండి," అందామె. పేపర్లు దిద్దేవాళ్లకు ఎవరైనా చెప్పడానికి వీలుంటుందా అని అడిగాడు. వీలుండదంది. ఎవరైనా నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండునని అనిపించిందాయనకు.

అక్కడి నుంచి కండక్టరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి తల వంచుకుని అంతా విన్నది.

"నాకు ఆ రోజే అనుమానం వచ్చింది సార్. పరీక్షలో కూడా ముందు కిందికే గీశాను. మళ్లీ చెరిపేశాను."

"ఎందుకు చెరిపేశావమ్మా?"

"మీరు చెప్పారు కదా సార్."

ఫలితాలు వచ్చాయి. క్లాసులో చాలామంది తప్పారు. ఆమె గట్టెక్కింది గానీ సర్వే కోర్సుకు ఆ మార్కులు చాలలేదు. ఆ వారంలో బస్సులో కండక్టరమ్మ కనిపించింది. ఆయన నోరు విప్పేలోపే ఆమే అంది, "మీరేం చేస్తారు సార్, మా పిల్ల రాత అలా ఉంది. ఏ సారూ లేని చోట మీరన్నా నిలబడ్డారు." ఆ మాట అనకుండా ఉంటే ఆయన ఆ బస్సులో చివరి స్టాపుదాకా వెళ్లగలిగేవాడు. మధ్యలోనే దిగిపోయాడు.

ఆ సెలవుల్లో ఆయన పుస్తకం మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివాడు. ప్రతి లెక్కా చేశాడు. మరదలు సెలవు మీద వచ్చి ఆయన చేసినవి చూసింది. "ఇప్పుడు నాకంటే నీకే బాగా వచ్చు బావా," అంది. ఈసారి ఆమె వేళాకోళం చెయ్యలేదు.

బడి తెరిచే ముందు కండక్టరమ్మ కూతురిని వెతుక్కుంటూ వెళ్లాడు. బస్సు డిపోలో పాసులు రాసిచ్చే కిటికీ వెనక కూర్చుని ఉంది.

"పరీక్ష మళ్లీ రాయొచ్చమ్మా. రోజూ సాయంత్రం రా, దగ్గరుండి చెబుతాను. ఈసారి పొరపాటు జరగదు."

"షిఫ్టులండీ, కుదరదు," అంది మర్యాదగా. తర్వాత, "ఈ పని అలవాటైపోయింది సార్," అని ఆయన వెనక నిలబడ్డ మనిషి కాగితం కోసం చెయ్యి చాపింది.

బడి తెరిచాక కొత్త టైమ్‌టేబుల్ అంటించారు. అప్లైడ్ మ్యాథ్స్ ఎవరూ తీసుకోలేదు కాబట్టి ఎత్తేశారు. మిగిలిన ఆ పీరియడ్‌ను ఆటలకు కలిపారు.