చీమలు పట్టిన పువ్వు

ఇటుక మీద నిలబడి, నడుముకు చేతులు ఆనించి, తన వాళ్ల కోసం ఓపిగ్గా ఎదురుచూసే పాండురంగనికి ముందుగా నా దండం. చెరుకులో తీపి పెట్టినవాడు ఆయనే, ఆ తీపి జాడ చీమకు చెప్పినవాడూ ఆయనే. ఆయనకు జయం. ఈ సంగతి మా నాన్న, మేం బాపు అని పిలిచేవాళ్లం, స్వామిలో కలిసిపోయాకే రాస్తున్నాను. ఆయన ఉండగా రాయడానికి నాకు చేయి రాలేదు.

మా పుట్టిల్లు బోధన్. బాపు షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. డ్యూటీ దిగితే భజన మండలి. తాళాలు, మృదంగం, ఏకాదశి జాగారాలు, భాగవత సప్తాహాలు, వీటి మధ్యే పెరిగాను. అక్షరాలు దిద్దే వయసుకే అభంగాలు, స్వామి మీది మరాఠీ పాటలు, నోటికి వచ్చేవి.

మరాఠీ సీమ పక్కనే కదా, అటు నుంచి వచ్చిన ఆచారం ఒకటి మా ఇంట్లో ఉండేది. పువ్వు అడగడం అనేవాళ్లం. ఎటూ తేలని విషయం వస్తే స్నానాలు చేసి, మా తాత పండరి నుంచి మోసుకొచ్చిన నల్లరాతి పాండురంగని విగ్రహం, మా విఠోబా ముందు కూర్చునేవాళ్లం. రెండు నందివర్ధనం పూలు నీటిలో తడిపి స్వామి రొమ్మున కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి అంటించాలి. కుడిది ఒక దారి, ఎడమది ఒక దారి. భజన సాగుతుండగా ఏ పువ్వు ముందు రాలితే అదే స్వామి మాట. అడిగేవాడు పువ్వు ముట్టకూడదని, చూడకూడదని నియమం. అందుకని బాపు కళ్లు మూసుకొని అడిగేవాడు. పూలు తడిపి అంటించేది మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం.

నా పెళ్లి అట్లాగే కుదిరింది. ఎనభైలలో నాకు రెండు సంబంధాలు వచ్చాయి. ఒకటి బాల్కొండ నుంచి, బాపు భజన స్నేహితుడి కొడుకు. రెండోది నిజామాబాద్ టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగి. బాపు మనసు బాల్కొండ మీదే. పువ్వు మాత్రం నిజామాబాద్‌కు రాలింది. బాపు మారుమాట లేకుండా తలవంచాడు. నా మగణ్ణి నాకు దేవుడే ఏరి ఇచ్చాడని మండలిలో ఎన్నిసార్లు లేచి చెప్పానో లెక్కలేదు. పెళ్లిచూపులకు కూర్చునే అమ్మాయిలకు ధైర్యం చెప్పడానికి నన్ను పిలిపించేవాళ్లు. సంసారంలో ఎంత గొడవ వచ్చినా ఆ పువ్వును తలుచుకునే నిలబడ్డాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఆయనకు ఆఫీసు ఖర్చుతో ప్రయాణం కలిసొచ్చింది. అండమాన్ పోదామన్నాడు. అవ్వనూ బాపునూ కూడా వెంట తీసుకుపోదామని ఆయనే అన్నాడు. నిజామాబాద్‌లో ఒక టూర్ల దుకాణంలో రెండు హోటళ్ల ఫోటోలు ఇచ్చారు. వాటిని తీసుకొని బోధన్ వెళ్లాం.

ఒకటి సముద్రం ఒడ్డునే. కొబ్బరిచెట్ల కింద వరుసగా గదులు, గడప దిగితే ఇసుక. రెండోది ఊళ్లో, గుట్ట మీద మేడ. పక్కనే గుడి, లోపల శాకాహారం తప్ప మరేదీ వండరు.

బాపు ఒడ్డు ఫోటో చూసి మొహం చిట్లించాడు.

"పర్వదినం కాకుంటే సముద్రం ముట్టొద్దని శాస్త్రం. గసుంటిది దాని ఒళ్లె పండుకుంటమా? శాపల వాసనకు నాకు నామస్మరణ సాగది. గుట్ట మీదిదే మంచిగుంది."

మా ఆయన ఊరుకోలేదు. "గుట్ట సూడనీకె గంత దూరం ఎందుకు మామా? సిరికొండ బస్సెక్కితే అయిపాయె. టిఫిన్ గిట్ల కట్టుకొని పొద్దుమీకేసరికి రావచ్చు."

"నీకు పరాచికమే అల్లుడా. నీళ్లు ఇంట్లకొస్తే ఎవలు జవాబు?"

"వస్తే రానీయుండ్రి. మీకు కాళ్లు కడుక్కునే పని తప్పుతది."

అవ్వ పొయ్యి దగ్గర ద్వాదశి పారణకు భక్ష్యాలు చేస్తున్నది. బెల్లం పాకం వాసన ఇల్లంతా నిండి ఉంది. మధ్యలో ఒకసారి కొంగుకు చేతులు తుడుచుకొని వచ్చి, ఒడ్డు ఫోటో చూసి, వెనక్కి పోయింది.

మామా అల్లుళ్లు తేల్చుకోలేకపోయారు. చివరికి బాపే అన్నాడు. "నువ్వొద్దు నేనొద్దు. పువ్వు అడుగుదాం."

కుడి పువ్వు ఒడ్డు హోటల్‌కు, ఎడమ పువ్వు గుట్ట హోటల్‌కు. అవ్వ అంటించింది. బాపు కళ్లు మూసుకొని పాట ఎత్తుకున్నాడు. రెండో అభంగం ముగియక ముందే కుడి పువ్వు జారి స్వామి పాదాల మీద పడింది. బాపు కళ్లు తెరిచి చూశాడు. మొహం వాడింది గానీ చేతులు జోడించే ఉన్నాయి.

"విఠోబా సముద్రమే అన్నడు. ఇగ నాకేం మాట లేదు."

భోజనాలయ్యాక మగవాళ్లిద్దరూ కునుకు తీశారు. నేను పూజగదిలో ప్రమిదలు తీసి పెడుతున్నాను. ఎడమ పువ్వు ఇంకా స్వామి రొమ్ము మీదే ఉంది. నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి, రేకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి, అయినా రాలలేదు. మహిమేమో అనుకొని దండం పెట్టబోయాను. అప్పుడు చూశాను. గడప కింది నుంచి బయలుదేరిన చీమల బారు గోడ ఎక్కి, పీట ఎక్కి, స్వామి పాదాలు, పంచె, నడుము దాటి, సరిగ్గా ఆ పువ్వు దగ్గర ముద్దగా మూగింది.

వేలితో పువ్వు కదిపాను. రాలేదు. లాగితే తీగలాగా సాగి ఊడింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బెల్లం పాకం.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అవ్వ.

"గట్టిగ ఒర్రకు. మీ బాపు లేస్తడు" అన్నది.

"అవ్వా, ఏంది ఇది? దేవుని రొమ్ము మీద?"

"నాకు సముద్రం సూడాలనుంది బిడ్డా. గోదారి సూసిన, ప్రాజెక్టు నీళ్లు సూసిన. అవుతలి ఒడ్డు కనపడని నీళ్ల పక్కన ఒక్క రాత్రన్న పండుకోవాలె."

"గా ముక్క బాపుకు చెప్తే అయిపోవు గదా!"

అవ్వ నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

"చెప్పనీకె ఎవలన్న అడగాలె గదా. గీ ఇంట్ల అందరు దేవుణ్ణే అడుగుతరు. నన్ను ఎవరడిగిండ్రు?"

అంతలో ఒక ఆలోచన వచ్చి పడింది. అడగకుండా ఉంటే బాగుండును, కానీ నోరు ఆగలేదు.

"నా పెండ్లికి?"

అవ్వ చీమలను కొంగుతో మెల్లగా దులుపుతూ, అటు తిరిగే చెప్పింది.

"మీ తమ్ముని సదువుకు అడిగినప్పుడు పాకం పెట్టలే. ఇల్లు కట్టేటప్పుడు పెట్టలే. నీ పెండ్లికి పెట్టిన. బాల్కొండ పువ్వుకు గింతంత. గాళ్లు నిన్ను సూడొచ్చి తిన్నరు, తాగిండ్రు, పోయిండ్రు. నీ మొగడు నీళ్ల కోసం వంటింటి దాక వచ్చి, 'అమ్మా, మీరు తిన్నరా?' అన్నడు. గా మాట నన్ను అడిగినోడు గాయన ఒక్కడే. గందుకే పెట్టిన."

నేను ఏడవలేదు, కోప్పడలేదు. రెండింటికీ బలం లేదు. పక్కగదిలో నా భర్త గురక వినిపిస్తున్నది. ఇన్నేళ్లుగా దేవుడు ఇచ్చాడనుకొని కాపురం చేసిన మనిషి. ఆయన మారలేదు, నేను మారలేదు, కానీ మా ఇద్దరి కింద ఉన్న నేలను ఎవరో లాగేసినట్టయింది. మండలిలో అన్నిసార్లు నేను ఎవరి పేరున సాక్ష్యం చెప్పాను?

"పాపం కాదా అవ్వా?"

"పాపమే. రోజు దండం పెట్టుకుంట చెప్తనే ఉన్న. స్వామి వద్దనుకుంటే గప్పుడే చీమలను పంపకపోవునా?"

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పెళ్లప్పుడు పంపనివాడు ఆ రోజు ఎందుకు పంపాడు? పెళ్లి చెడగొట్టడానికి కాదు, అది ఎన్నడో జరిగిపోయింది. నాకు చూపించడానికే పంపాడు. ఏం చూపించడానికి? చదువుకున్న భాగవతమంతా గుర్తు చేసుకున్నాను. జవాబుగా ఒక్క శ్లోకం తట్టలేదు. కళ్ల ముందు అవ్వ ఒక్కతే ఉంది, కొంగుకు అంటిన పాకం గోటితో గీరుకుంటూ.

సాయంత్రం బాపు లేచి టీ తాగుతూ, టూర్ల దుకాణానికి ఫోన్ చేయమన్నాడు. ఒడ్డు హోటలే అని చెప్పాను. ముందు వరుస గదులా, వెనుక వరుసవా అని అవతలి మనిషి అడిగాడు. బాపు, మా ఆయన, ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. నేను రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి వంటింటి వైపు తిరిగాను.

"అవ్వా! ముందు వరుసనా, ఎనుక వరుసనా?"

అవ్వ బయటికి వచ్చింది. బాపు వైపు చూసింది, అల్లుని వైపు చూసింది. ఎవరో తనను పట్టుకున్నట్టు బెదిరిపోయింది.

"నన్నడుగుతవేందే? నాకేం తెలుస్తది?"

"నిన్నే అడుగుతున్న. చెప్పు."

బాపు కూడా గ్లాసు కింద పెట్టి, "చెప్పరాదు మరి" అన్నాడు. అవ్వ రెండడుగులు ఫోన్ దగ్గరికి వచ్చింది. ఫోన్‌లో అవతలి మనిషి హలో హలో అంటూనే ఉన్నాడు.

"ముందటిది" అన్నది చివరికి, తనలో తాను అనుకున్నట్టు. "తలుపు తీస్తే నీళ్లే కనపడాలె."

చదువుతున్న మీరు ఏ పేరుతో కొలిచినా సరే, నాతో కలిసి ఒక్కసారి చేతులు జోడించండి. పాండురంగా, నిన్ను అడిగే ముందు మా ఇంట్లో వాళ్లను అడిగే బుద్ధి మాకివ్వు. నీ పేరు చెప్పుకొని మేము అడగకుండా వదిలేసిన ఆడవాళ్లందరి మనసులో మాట నువ్వే విను. రామకృష్ణ హరి.