కప్పెక్కిన పాలపన్ను

పోయిన వారం ఆష్‌బర్న్‌లో మా మనవరాలికి తొలి పాలపన్ను ఊడింది. మా అమ్మాయి దాన్ని కడిగి, పన్నుకో గది ఉన్న చిన్న చెక్కపెట్టెలో దాస్తుంటే, "మరి మమ్మీ టీత్ ఎక్కడున్నాయి తాతయ్యా?" అని అడిగింది పిల్ల. మొదటిది ఇంటి కప్పు మీద ఉండిపోయిందంటే నమ్మలేదు.

ఎనభైల మొదట్లో మేం వర్జీనియాలోనే ఒక రెండంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది వాటాలో ఉండేవాళ్ళం. క్లాసులో ఇంకా పన్ను ఊడని పిల్ల తనొక్కతే కావడంతో, ఊడిననాడు దాన్ని దిండు కింద పెట్టుకుని, రాత్రి వచ్చి పన్ను తీసుకునే దేవత టూత్ ఫెయిరీ ఏమిచ్చిందో మర్నాడు అందరికీ చూపించాలని మా అమ్మాయి కాచుకుని ఉండేది. చుట్టపుచూపుగా వచ్చిన మా అమ్మకేమో, పన్నుని పేడముద్దలో పెట్టి కప్పు మీదికి విసరకపోతే కొత్తది వంకరగా వస్తుందని భయం. పేడ దొరకని ఊరు కనుక చపాతీపిండిలో చుట్టి, పిల్ల లబోదిబోమంటున్నా వినకుండా, పచ్చికలో నిలబడి విసిరేసింది. అది కప్పుదాకా వెళ్ళక పై వాటా బాల్కనీలో పడింది.

అక్కడ మిరపకాయలు ఎండబెడుతున్న కొరియా అవ్వ, అంతవరకూ మాతో ఒక్క మాటైనా కలపని మనిషి, ముద్ద విప్పి చూసింది. కింద చేతులు చాచి ఏడుస్తున్న పిల్ల నోట్లో ఖాళీ చూసింది. తిరిగి ఇచ్చేస్తుందనుకున్నాం. ఆవిడ మళ్ళీ చుట్టి, రెయిలింగ్ మీంచి వంగి, గురిగా కప్పు మీదికి విసిరి పకపకా నవ్వింది.

విలేకరి బుద్ధి ఊరుకోదు కదా, సాయంత్రం వాళ్ళబ్బాయిని అడిగాను. వాళ్ళ దేశంలోనూ కప్పు మీదికే వేస్తారట, ఓ పిట్ట వచ్చి కొత్త పన్ను తెస్తుందట. ఆఫీసులో అడిగితే గ్రీకు మిత్రుడూ కప్పే అన్నాడు, మెక్సికో ఆవిడ ఎలుక పట్టుకెళ్తుందంది. ఈ ప్రపంచజ్ఞానమంతా మా అమ్మాయి ఏడుపు ఆపలేకపోయింది.

చివరికి మా అమ్మే దగ్గరికి తీసుకుని, "వచ్చేది దేవతేనంటున్నావుగా, పన్ను ఎక్కడుందో ఆవిడకి తెలీదుటే పిచ్చిదానా?" అని పడుకోబెట్టింది. పొద్దున దిండు కింద మన రూపాయిబిళ్ళ ఉంది. అలాంటిది క్లాసులో ఇంకెవరికీ దొరకలేదు.

ఇదంతా విన్న మనవరాలు పెట్టెలోంచి పన్ను తీసుకుని వాకిట్లోకి పరిగెత్తింది. మూడంతస్తుల సొంత ఇల్లు, ఏటవాలు కప్పు. తలెత్తి కాసేపు చూసి, "అంత పైకి నేను వెయ్యలేను తాతయ్యా, మన పైన ఎవరుంటారు?" అంది.

ఎవరూ ఉండరమ్మా అన్నాను.