మడత కత్తి, ఎడమ చెయ్యి

ఈ సాయంత్రం ఒక చిన్న మడత కత్తిని చూసి చాలా భయపడ్డాను.

మా అమ్మాయి సోమవారం హాస్టల్‌కు వెళ్తోంది. పండ్లు కోసుకోవడానికి కత్తి కావాలంది. మేడ్చల్ బజారులో అన్నీ చూసే కొన్నాను. తెరవగానే లాక్ టక్కున పడింది. వెనకనుంచి గట్టిగా నొక్కినా బ్లేడు మడతపడలేదు, పక్కలకు ఊగలేదు. నేను మళ్లీ మళ్లీ తెరిచి మూస్తుంటే దుకాణాయన విసుక్కున్నాడు.

"కత్తి కొంటున్నరా సార్, అల్లున్ని సూస్తున్నరా?"

శామీర్‌పేటలోని ఇంటికి రాగానే అమ్మాయి దానితో ఎడమచేత్తో జామకాయ కోసింది. తర్వాత అదే చేత్తో మూయబోయింది. ఆ లాక్ కుడిచేతి బొటనవేలితో నొక్కడానికి చేసింది. ఎడమచేత్తో నొక్కేసరికి ఆమె చూపుడువేలు సరిగ్గా బ్లేడు కిందికి వచ్చింది.

"ఆగు బిడ్డా, వేలు తెగుతది!" అని అరిచాను.

"గట్ల ఒర్లుతవేంది బాపు? మెల్లగనే మూస్తున్న గద. అమ్మ గూడ ఎడమచేత్తోనే కోస్తుండె."

అవును. నా భార్యదీ ఎడమచేతి వాటమే. పోయిన ఏడాది ఆమె చనిపోయేవరకు ఆ చేత్తో తరిగిన కూరలే తిన్నాను. దుకాణంలో అంతసేపు నిలబడి కూడా, ఒక్కసారైనా ఎడమచేత్తో మూసి చూడాలని తోచలేదు.

కత్తిని రేపు మార్చుకొస్తాను. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లు ఎలాంటి లాక్ వాడుతున్నారో దయచేసి చెప్పండి. నా భార్య గురించి ఇంకా ఏమేం మరిచిపోతున్నానో మాత్రం ఎవరిని అడగాలో తెలియడం లేదు.