డోలు చర్చి

డుంబ్రిగుడ దారిలోని ఆ చిన్న చర్చిని అందరూ డోలు చర్చి అనేవారు. ప్రార్థనలో డోలు కూడదని పెద్ద చర్చి అంటే, విడిపోయినవాళ్లు కట్టుకున్నది. శ్మశానం మాత్రం పెద్ద చర్చిదే. ఇంట్లో ఎవరికైనా చావు దగ్గరపడగానే ఆ కుటుంబం తిరిగి పెద్ద చర్చికి వెళ్లిపోయేది. చివరికి డోలు వాయించే ముసలాయన ఒక్కడే మిగిలాడు.

పైకప్పు రేకులు అమ్ముతానంటే బేరానికి వెళ్లాను. లేని తుప్పు కూడా చూపించి ధర తగ్గించే వంశం మాది. ఆయన వినడం లేదు. ఆదివారం కదా, వెళ్లిపోయినవాళ్లందరికీ ఎప్పటిలాగే చాపలు పరుస్తున్నాడు.

"నువ్వూ పెద్ద చర్చికి ఎల్లిపోరాదా తాతా? రేపు నిన్నెక్కడ పాతతారు?" అన్నాను.

"డోలు ఒగ్గీమంతారు బాబూ."

మధ్య చాప తీసి, కింద నేలను అరచేత్తో తట్టాడు.

"ఇక్కడే. కప్పుంటే గుడి అంతారు, పాతనివ్వరు. బేగి రేకులిప్పుకుపో. ఇది ఉట్టి నేలయిపోవాల."