నురగ ఆగేదాకా

మా వీధిలో ఆయనకు నురగ బాబాయి అని పేరు. పెద్దాసుపత్రిలో కట్లు కట్టే గది ఒకటి ఉండేది. సర్వీసంతా ఆ గదిలోనే గడిపి రిటైరయ్యాడు. పుండు మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడం, తెల్లగా పొంగే నురగను చూడటం, దూదితో అద్దడం, మళ్ళీ పోయడం, ఇదీ ఆయన పని. నురగ ఆగితే పుండు శుభ్రపడినట్టు. ఆయనకు పని నేర్పిన ముసలి డ్రెస్సరు అలా చెప్పాడు, ఈయన అలాగే చేశాడు. కట్టు మాత్రం చూడముచ్చటగా కట్టేవాడు. నాది కుళాయిలు, పైపులు బాగుచేసే పని. ఒకసారి రెంచి జారి అరచెయ్యి తెగితే ఆయనే కట్టాడు. ఆ కట్టుతోనే మర్నాడు గోడలో పైపు దింపాను, ముడి కదలలేదు.

ఉద్యోగం పోయింది గాని చేతిలో గోధుమరంగు సీసా పోలేదు. ఇంట్లో కూరగాయలు తరిగే చెక్క, పళ్ళు తోముకునే బ్రష్షులు, గిన్నెలు తోమే పీచు, అన్నీ ఆ మందులో మునిగి లేచేవి. బాత్రూం పలకల మధ్య నల్లబడిన గీతల మీద పోసి, కాసేపు వదిలేసి, పాత బ్రష్షుతో రుద్దేవాడు. దిండు గలీబు మీద రక్తపు మరక పడితే ముందు చన్నీళ్ళలో నానబెట్టేవాడు. వేణ్ణీళ్ళు తగిలితే మరక గుడ్డను పట్టుకుంటుందని, చన్నీళ్ళ తర్వాతే మందు పోయాలని వీధిలో అందరికీ చెప్పేవాడు. రంగు బట్టయితే లోపలి మడతలో ఒక చుక్క వేసి చూడందే ముట్టుకునేవాడు కాదు. ఆ జాగ్రత్త ఆయనకు పిన్ని నీలం చొక్కా వల్ల వచ్చింది. దాని భుజం మీద అరచేయంత తెల్లమచ్చ చేశాక నేర్చుకున్నాడు. పిన్ని ఆ చొక్కాను పారెయ్యకుండా, మొక్కల దగ్గర పనిచేసేటప్పుడు కావాలనే వేసుకునేది.

సీసా మార్చడానికి వీల్లేదనేవాడు. వెలుతురు తగిలితే మందు కొన్నాళ్ళకు ఒట్టి నీళ్ళవుతుందట. వెనిగర్‌తో గాని బ్లీచింగుతో గాని కలిపితే చేతులు విరగ్గొడతానని ఎదురింటివాళ్ళని ఒకసారి బెదిరించాడు. అంత కోపంగా ఆయన మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

పెరటి మొక్కలు పిన్నివి. కుండీల చుట్టూ సన్నటి ఈగలు ముసిరినప్పుడు బాబాయి ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్ళు కలిపి, ఆరిన మట్టిలో పోశాడు. మట్టి బుసబుసమని పొంగింది. మట్టిలోని పురుగు చచ్చి ఈగలు తగ్గాయి. గింజలు నాటేముందు కప్పు నీళ్ళలో ఓ మూత మందు వేసి నానబెట్టేవాడు. పిన్నికి ఇదంతా వేడుక. మా ఇంట్లో నురగ రాని వస్తువు నేనొక్కదాన్నే అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేది.

ఆ పిన్నికే దెబ్బ తగిలింది. కుండీ జరుపుతుంటే పగిలి, పెంకు ఎడమకాలి చిటికెనవేలి పక్కన దిగింది. పిన్నికి షుగరుంది. అయినా మొగుడు కంగారుపడతాడని మట్టికాలితోనే సాయంత్రం దాకా తిరిగింది. చెప్పు తడిగా ఉందేమిటని ఆయన వంగి చూస్తే రక్తం.

అప్పటినుంచి రోజూ సాయంత్రం ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పిన్ని కుర్చీలో కూర్చుని కాలు చాపేది. బాబాయి ఎదురుగా పొట్టి స్టూలు వేసుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని, కాలి కింద బేసిను పెట్టి, మందు పోసేవాడు. నురగ పొంగేది. అద్దేవాడు. మళ్ళీ పోసేవాడు. తర్వాత కట్టు, పెళ్ళిపందిట్లో పూలు అల్లినంత ఓపికగా. పుండు మాత్రం మానలేదు. అంచులు తెల్లగా నానినట్టయి, నడుమ ఎర్రగా అలాగే ఉంది. డాక్టరు చూసి, వచ్చే నెల కల్లా మూసుకోకపోతే వేలు తీసేయక తప్పదని, ఆలస్యమైతే వేలితో ఆగదని చెప్పాడు.

“చిటికెనవేలేగా, పోతే చెప్పు వదులవుతుంది,” అంది పిన్ని ఇంటికొస్తూ. బాబాయి నవ్వలేదు. ఆ రోజునుంచి పొద్దున కూడా మందు పోయడం మొదలుపెట్టాడు.

కట్టు సామాను కోసం ఇద్దరూ మా వీధి చివరి చిన్న క్లినిక్కు వెళ్ళేవారు. అక్కడ కొత్తగా చేరిన నర్సమ్మ ఉంది. ఒకరోజు బాబాయి అక్కడే పిన్ని కాలి కట్టు మార్చబోయి విప్పుతుంటే పక్కన నిలబడి చూసి, ముందు కట్టును మెచ్చుకుంది. తర్వాత ఆ తెల్లబడిన అంచుల్ని చూసి, దేనితో కడుగుతున్నారని అడిగింది. ఆయన సీసా చూపించాడు.

“బాబాయ్ గారూ, మొదటిరోజు మట్టి పోవడానికి పోశారు, బాగానే ఉంది. ఇప్పుడది ఆపెయ్యండి. ఈ సెలైన్ నీళ్ళతో కడిగి, మూసేసి, వదిలెయ్యండి. కొత్త చర్మం రాబోతుంటే మీరు పోసే మందు దాన్ని తినేస్తోంది.”

“ఇంకా నురగొస్తోంది కదమ్మాయ్. లోపల మురికుంటేనే కదా వచ్చేది. నోటితో మనం ఏదైనా చెప్పొచ్చు, నురగ అబద్ధం చెప్పదు.”

మంటగా ఉంటోందా అని ఆ అమ్మాయి పిన్నినడిగింది. పిన్ని మొగుడి వైపు ఒకసారి చూసి, ఆయన చెయ్యి చాలా తేలికండీ అంది. అడిగినదానికది జవాబు కాదని నర్సుకు తెలిసిందేమో, సెలైన్ సీసాలు సంచిలో పెట్టి ఇచ్చింది. బాబాయి మర్యాదకు తీసుకున్నాడు. ఇంటికొచ్చి అలమరలో పై అరలో పెట్టాడు. తను పుండ్లు కడగడం మొదలుపెట్టిన్నాటికి ఈ పిల్ల పుట్టనైనా లేదని నాతో అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. భయం ఉంది. చేతిలో ఉన్న ఒకే ఒక్క పనిని కూడా వదిలెయ్యమంటే పెళ్ళాం కోసం ఇంకేం చెయ్యాలో ఆయనకు తెలియలేదు.

వంటింట్లో సింకు కుళాయి కారుతోందంటే ఒకరోజు వెళ్ళాను. పిన్ని కాలు కింద పెట్టకూడదు కాబట్టి వంట బాబాయిదే. అప్పటికే ఒక బంగాళాదుంప ఉడికించి పక్కన పెట్టాడు. మిగిలినవి కడిగి, చెక్కు తీసి ఉంచాడు. నేను నీళ్ళు కట్టేసి సింకు కింద దూరాను. బాబాయి అంతకుముందు చెక్క మీద కోడిమాంసం కోశాడు. ఆ చెక్కను సబ్బుతో తోమి, మందు పోసి, ఆరకముందే దాని మీద పచ్చిదుంప పెట్టి రెండు ముక్కలుగా కోసి బోర్లించాడు.

కాసేపటికి ముక్కను తిప్పి చూశాడు. తర్వాత, దుంపలు కుళ్ళినట్టున్నాయిరా అన్నాడు. తల బయటపెట్టి చూశాను. కోసిన ముఖం మీద తెల్లగా నురగ. ఆ ముక్కను పక్కన పడేశాడు. బకెట్లో నీళ్ళు ముంచుకుని ఇంకో దుంప కడిగాడు, కత్తి కడిగాడు, చెక్కను తీసేసి పళ్ళెంలో కోశాడు. ముక్క పాలలా తెల్లగా, గట్టిగా ఉంది. వాసన చూశాడు. ఒక చుక్క మందు వేశాడు. పొంగింది. మూడోది కోశాడు. అదీ పొంగింది. చివరికి ఉడికించిన దుంపను చిదిమి దాని మీద వేశాడు. చుక్క చుక్కలాగే జారిపోయింది.

బాబాయి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పచ్చిదుంప మీద మళ్ళీ వేశాడు, పొంగింది. ఉడికినదాని మీద వేశాడు, ఏమీ లేదు. నేను సింకు కింద నుంచి బయటికొచ్చి రెంచి పట్టుకుని నిలబడ్డాను. ఏం జరుగుతోందో నాకర్థం కాలేదు గాని ఆయన మొహం చూస్తే అడగాలనిపించలేదు.

“కుళ్ళు లేదు, మురికి లేదు,” అన్నాడు. “పచ్చిగా ఉన్నదానికొస్తోంది. ఉడికి చచ్చినదానికి రావట్లేదు. ప్రాణమున్న కండకే వస్తోందిరా ఇది.”

లేచి ముందుగదిలోకి వెళ్ళాడు. కుళాయి సగంలో వదిలేసి నేనూ గుమ్మం దాకా వెళ్ళాను. పిన్ని కుర్చీలో కూర్చుని చొక్కా గుండీ కుడుతోంది. ఆయన ఎప్పటిలా స్టూలు మీద కాకుండా కిందే కూలబడి, కట్టున్న పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

“మందు పోస్తుంటే మంటగా ఉండేదా?”

“ఉండేది.”

“మరి చెప్పవేం?”

పిన్ని దారం కొరికి, సూది జాగ్రత్తగా గుండీల డబ్బాలో పెట్టింది. “నురగ చూస్తే మీ మొహం కళకళలాడేది. పని జరుగుతోందని అంత ధైర్యంగా ఉండేవారు. అది చెడగొట్టడం ఎందుకులే అనుకున్నా.”

“వేలు పోయేదే.”

“పోయినా మీరు కట్టు కడతారుగా,” అంది పిన్ని. అని, ఆయన తల మీద చెయ్యి వేసి, నా వైపు చూసి కుళాయి అయిందా అనడిగింది. నేను వంటింట్లోకి వచ్చేశాను.

మర్నాడు బాబాయి రెండు జేబుల్లో రెండు బంగాళాదుంపలు వేసుకుని క్లినిక్కు వెళ్ళాడు. వరసలో కూర్చున్నవాళ్ళు చూస్తుండగా, బల్ల మీద ఒకటి పచ్చిది, ఒకటి ఉడికింది కోసిపెట్టి, నర్సుకు మందు వేసి చూపించాడు. జ్వరమొచ్చి కూర్చున్న ఒకాయన, ఇక్కడ దుంపలకు కూడా కట్లు కడతారా అన్నాడు. అందరూ నవ్వారు, బాబాయి కూడా. దుంప సంగతి తనకూ తెలియదంది నర్సు. కండలోనూ రక్తంలోనూ ఉండే ఒక పదార్థం మందును నీళ్ళుగా, గాలిగా విడగొడుతుందని, ఆ గాలే నురగని, ఉడికితే ఆ పదార్థం చెడిపోతుందని తెలిసినంతవరకు చెప్పింది. దుంపలోనూ అదే ఉండి ఉంటుందని రెండు ముక్కల్నీ దగ్గరికి తీసుకుని చూసింది.

వరస తగ్గాక బాబాయి గొంతు తగ్గించి అడిగాడు.

“మరి ఇన్నేళ్ళూ నేను కడిగినవాళ్ళ సంగతేమిటమ్మా?”

“అప్పట్లో అందరూ అదే పోసేవాళ్ళు బాబాయ్ గారూ. మీ చెయ్యి శుభ్రం, మీ కట్టు గట్టిది. వాళ్ళు వాటితో మానారు. కాస్త ఆలస్యంగా మాని ఉంటారు, అంతే.”

ఆ అంతే అన్న మాట ఆయనకు సరిపోలేదని నడకలోనే తెలిసింది. కానీ ఇంటికి రాగానే పై అర నుంచి సెలైన్ సీసాలు దించాడు. కడిగాడు. నురగ లేదు, చప్పుడు లేదు. పోసిన నీళ్ళు పోసినట్టే బేసిన్లోకి జారాయి. శుభ్రపడిందో లేదో ఎలా తెలియాలని పిన్నినడిగితే, మీ కళ్ళతో చూడండి అంది. తడి అద్ది, నర్సు ఇచ్చిన మెత్తటి పట్టీ వేసి, కట్టాడు. రోజు విడిచి రోజు తప్ప విప్పకూడదని నర్సు గట్టిగా చెప్పింది.

కట్టడం కన్నా విప్పకుండా ఉండటం ఆయనకు కష్టమైంది. చేతులు ఊరుకునేవి కావు. దువ్వెనలు నానబెట్టాడు, ఫ్రిజ్జు తలుపు రబ్బరు సందుల్లో బూజు తుడిచాడు, మా ఇంటికొచ్చి మా బాత్రూం మూలలు కూడా తోమిపెట్టాడు. పిన్ని కునుకు తీస్తుంటే పట్టీ అంచు లేపబోయి చేతి మీద చిన్న దెబ్బ తిన్నాడు. దాన్ని నిద్రపోనివ్వండి, నన్నూ నిద్రపోనివ్వండి అంది పిన్ని కళ్ళు తెరవకుండానే.

తెల్లటి అంచులు ముందు పోయాయి. తర్వాత లేత గులాబీరంగు సన్నటి గీత ఒకటి అంచు నుంచి లోపలికి పాకింది. ఆ గీతను ఆయన వంగి చూసేవాడు. వేలితో చూపించబోయి, తాకుతానేమోనని చెయ్యి వెనక్కి తీసుకునేవాడు.

డాక్టరు చెప్పిన గడువుకు వాళ్ళిద్దరినీ నేనే ఆటోలో తీసుకెళ్ళాను. డాక్టరు పిన్ని వేలిని అటూ ఇటూ కదిపి, చుట్టూ నొక్కి, కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. పుండు మూసుకుంది, వేలు ఉంటుందన్నాడు. ఇక కట్టు అక్కర్లేదు, పాదం రోజూ చూసుకోమన్నాడు. పిన్ని నమస్కారం పెట్టింది. బాబాయి మాత్రం డాక్టరుకు దండం పెట్టడం కూడా మర్చిపోయి, బయటికొచ్చి మెట్ల మీద ఒంటరిగా కాసేపు నిలబడ్డాడు. దారిలో క్లినిక్కు దగ్గర ఆటో ఆపించి, లోపలికెళ్ళి, ఒక్క నిమిషంలో తిరిగొచ్చాడు. ఆ అమ్మాయితో ఏమన్నాడో మాకు చెప్పలేదు.

సాయంత్రం వాళ్ళింట్లోనే ఉన్నాను. కట్టు వేళ అయింది. బాబాయి అలవాటుగా స్టూలు తెచ్చుకుని, ఒళ్ళో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. కూర్చున్నాక గుర్తొచ్చింది, కట్టేందుకేమీ లేదని. లేవబోయాడు.

పిన్ని కాలు తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

“ఇన్నాళ్ళూ కట్టు కింద ఉండి గోరు ఎంత పెరిగిందో చూడండి,” అంది. “నేను వంగలేను.”

ఆయన గోళ్ళ కత్తెర తెచ్చుకున్నాడు. దీపం దగ్గరికి జరిపించుకున్నాడు. చిటికెనవేలిని రెండు వేళ్ళతో పట్టుకుని, గోరును అంచు వెంబడే, తిన్నగా, ఏ తొందరా లేకుండా కొంచెం కొంచెంగా తీయడం మొదలుపెట్టాడు.