అవతలి పక్షం గంగాధరప్ప

గంగాధరప్పకు ఒకే ఒక్క జబ్బు. అవతలివాళ్ల మాట వినకుండా వార్తలో ఒక్క ముక్క రాయడు.

బెళుగుప్ప మండలానికి అతను మా పత్రిక విలేకరి. నేను అనంతపురంలో డెస్కు దగ్గర కూర్చుని అతని వార్తల కోసం ఎదురుచూసేవాణ్ణి. నా తలలో తెల్లవెంట్రుకలు సగం అతని చలవే.

ఒకసారి పిల్లవాణ్ణి కుక్క కరిచిందంటే నాలుగు వాక్యాలు పంపమన్నాను. సాయంత్రం దాకా పత్తా లేడు.

"యాడికి పోయినావప్పా?"

"కుక్కను సాకేటోళ్ల ఇంటికి సార్. పిల్లోడే తోక తొక్కినాడంట. అది గూడా రాయల్ల గదా."

మూడు నెలల ఎండ తర్వాత వాన పడితే, "మండలంలో భారీ వర్షం అని పంపప్పా" అన్నాను.

"ఊర్లో పడింది సార్. దక్షిణం పక్క ఒక్క చుక్క పడల్యా. ఆళ్లు పేపరు చూస్తే నన్ను తంతారు."

ఇంట్లోనూ అంతే. తల్లికీ, పెళ్లాం తిమ్మక్కకూ మాట పట్టింపు వస్తే, ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి విన్నాడట. ఆ పూట ఇద్దరూ అన్నం పెట్టలేదు.

పోయిన ఏడాది రామాంజనేయులు అనే పెద్ద రైతు, కాపరి ఎర్రన్న గొర్రెలు తన వేరుశనగ చేనును నాశనం చేశాయని ఫిర్యాదు చేశాడు. పొద్దున తొమ్మిదికల్లా ఎర్రన్న ఫొటో 'దొంగ' అన్న మాటతో వాట్సాప్‌లో ఊరంతా తిరిగింది. మా వైపు పంట తీశాక ఎరువు కోసం మందను పిలిచి చేలో ఆపించుకుంటారు, కాపరికి గింజలో దుడ్లో ఇస్తారు. ఎర్రన్న సంసారం నడిచేది దాని మీదే. చెడ్డపేరు వచ్చిన మందను ఎవరూ చేలోకి పిలవరు.

"మిగతా పేపర్లోళ్లందరూ పంపినారు, నువ్వేం చేస్తాండావప్పా?"

"ఎర్రన్న పక్కూర్లో ఉండాడు సార్. ఆయప్పను అడక్కుండా ఎట్ల రాసేది?"

నేను తిట్టాను. అతను విన్నాడు, ఫోను పెట్టేసి పక్కూరికి బండి తీశాడు.

ఎర్రన్న ఏడవలేదు, ఒట్లు పెట్టలేదు. "గొర్రె ఆకు తింటాదన్నా. భూమి తవ్వుతాదా? చేను చూడు పో" అన్నాడట.

అప్పటిదాకా ఏ విలేకరీ ఆ చేలో కాలు పెట్టలేదు. గంగాధరప్ప పోయి చూస్తే ఆకు ఉన్నచోటే వాడిపోతూ ఉంది. నేలంతా దున్నినట్టు తవ్వేసి ఉంది, కాయలు మాత్రం లేవు. అడవి పందుల పని.

నాకు ప్రాణం లేచివచ్చింది. "రామాంజనేయులు అబద్ధమాడినాడని పెద్ద హెడ్డింగు పెడదాం, పంపు."

"ఆయప్పను గూడా అడగల్ల గదా సార్."

నేను తల కొట్టుకున్నాను. ఆ రోజు పేజీ అచ్చుకు వెళ్లిపోయింది.

రామాంజనేయులు అసలు చేను చూడనే లేదు. జీతగాడు ఫోనులో చెప్పిందే నమ్మాడు. గంగాధరప్ప అతన్ని గట్టు మీద నిలబెట్టి చూపించాడు. పెద్దమనిషి వంగి తవ్వినచోట మట్టి చేత్తో కెలికి చూశాడు. "పందులయితే పరిహారానికి అర్జీ పెట్టుకోవచ్చన్నా" అని గంగాధరప్పే అక్కడే కూర్చుని అర్జీ రాసిచ్చాడు. వార్త ఒకరోజు ఆలస్యంగా వచ్చింది. అందులో ఎర్రన్న తప్పు లేదని ఉంది, రామాంజనేయులు నష్టమూ ఉంది, ఎవరి మీదా ఎగతాళి లేదు. ఇన్నేళ్లూ ఇతనికి చాదస్తం అనుకున్నాను. ఏ ఒక్కరూ తలదించుకోకూడదని తిరుగుతున్నాడని అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాను.

పంటకాలం ముగిశాక ఒక ఫొటో పంపాడు. రామాంజనేయులు చేలో ఎర్రన్న మంద, పక్కపక్కనే ఇద్దరూ.

"ఇది వార్త ఎట్లయితాదప్పా?"

"దొంగ అని ఫొటో ఊరంతా తిప్పినారు గదా సార్. పిలిచి మంద పెట్టించుకున్న ఫొటో గూడా తిరగల్ల."

పేజీలో చోటు లేదు. ఒక నగల దుకాణం ప్రకటన తీసేసి మూడు కాలమ్‌ల వెడల్పున ఆ ఫొటో వేశాను. మర్నాడు దుకాణదారు ఫోను చేసి అరగంట తిట్టాడు. కాఫీ తాగుతూ అంతా విన్నాను.